కూలర్ మారిస్తే ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది?

వేసవి ముహూర్తాలు మొదలయ్యాయంటే ఘంటసాల, చల్లపల్లి, మొవ్వ వైపు ఫొటో స్టూడియోల వాళ్లకు నిద్ర ఉండదు. పగలంతా కెమెరాలు తిరుగుతాయి, రాత్రికి ఆ ఫుటేజీ అంతా సిస్టమ్‌లోకి ఎక్కుతుంది. పెళ్లి వీడియో రెండరింగ్‌కు పెట్టాక ప్రాసెసర్ గంటల తరబడి ఒక్క క్షణం ఆగకుండా పనిచేయాలి. పైన రేకుల కప్పు, కింద టేబుల్ అరలో ఇరికించిన క్యాబినెట్. ఫ్యాన్ హోరు వీధిలోకి వినిపిస్తుంది. సగం దాకా చకచకా నడిచిన పని అక్కడి నుంచి నత్తనడక పడుతుంది. సర్వీసుకు వచ్చిన కుర్రాడు పక్క తలుపు తీసి చెయ్యి పెట్టి చూసి, “కంపెనీ ఫ్యాన్ తీసేసి మంచి కూలర్ వేయించండి సార్” అంటాడు.

ఆ మాటలో నిజం ఉండొచ్చు. కాకపోతే చెయ్యి పెట్టి చూస్తే తేలే విషయం కాదది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ మార్కెట్లో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ప్రాసెసర్ మీద బిగించే కూలర్లు పదుల రకాలు కనిపిస్తాయి. కూలర్ మాస్టర్ హైపర్ 212, డీప్‌కూల్ ఏకే400 లాంటివి రెండు నుంచి నాలుగు వేల రూపాయల మధ్య దొరుకుతాయి. నీళ్లతో చల్లబరిచేవి అంతకంటే బాగా ఖరీదు. చాలా డబ్బాల మీద ఇన్ని వాట్ల వేడిని లాగేస్తుందని ఉంటుంది. ఆ వాట్లు ఎలాంటి గదిలో, ఎంత ఫ్యాన్ వేగం మీద కొలిచారో మాత్రం ఎక్కువ డబ్బాల మీద ఉండదు.

స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో బాగా కనిపించే కోర్ ఐ5 12400 ప్రాసెసర్‌నే తీసుకుందాం. దాని మీద రాసే వాట్లు 65. పని గట్టిగా పడితే 117 వాట్ల దాకా వెళ్లొచ్చని ఇంటెల్ లెక్క. చిప్‌లోకి ఎంత కరెంటు వెళితే అంతా చివరికి వేడే అవుతుంది. అదంతా గోరంత సిలికాన్ ముక్కలోంచి బయటికి రావాలి. లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాలిపోకుండా పెట్టిన రక్షణ అది. రెండరింగ్ మధ్యలో చతికిలబడటానికి చాలాసార్లు కారణం ఇదే.

కంప్యూటర్లకు ఈ బెడద మొదటి నుంచీ ఇంతలా లేదు. 1993లో పెంటియం వచ్చాక ప్రాసెసర్ మీద ఫ్యాన్ ఉండటం మామూలైంది. 2004లో ఇంటెల్ తెచ్చిన ‘ప్రెస్కాట్’ పెంటియం 4 చిప్‌లు 115 వాట్ల దాకా వెళ్లాయి. ఆ తర్వాత రావలసిన ‘తేజాస్’ను అదే ఏడాది మే నెలలో కంపెనీ మానుకుంది. వేగం పెంచిన కొద్దీ వేడి అదుపు తప్పడమే అందుకు ముఖ్య కారణం. ఒకే మెదడును పరిగెత్తించే బదులు ఒకే చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టే పద్ధతికి పరిశ్రమ మళ్లింది అప్పుడే. ఇప్పుడు కోర్ ఐ9 14900కె లాంటి చిప్ 253 వాట్లు తాగుతుంది.

ఇంత వేడిని తోడిపోసేది రాగి గొట్టం. కూలర్ అడుగున ఉన్న పళ్లెం నుంచి పైన వరసగా పేర్చిన అల్యూమినియం రేకుల దాకా నాలుగైదు గొట్టాలు వంగి వెళతాయి. చూడటానికి గట్టి కడ్డీల్లా ఉన్నా లోపల బోలు. గాలి తీసేసి, కొద్దిగా నీరు పోసి మూసేస్తారు. గాలి లేని చోట నీరు 100 డిగ్రీల దాకా ఆగదు, 40 డిగ్రీలకే మరుగుతుంది. చిప్ దగ్గర ఆవిరై పైకి పోయి, రేకుల దగ్గర వేడిని వదిలి నీరై, గొట్టం లోపలి గోడకున్న సన్నటి గరుకు పొర వెంట మళ్లీ కిందికి చేరుతుంది. మోటారు లేదు, కదిలే భాగం లేదు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో ఈ హీట్ పైపును తయారుచేసి చూపించారు. అంతరిక్ష వాహనాల వేడిని సమంగా పంచడానికి మొదట పనికొచ్చింది. ఇస్రో ఉపగ్రహాల్లోనూ హీట్ పైపులుంటాయి, వాటిలో నీటికి బదులు అమ్మోనియా పోస్తారు.

ఇక పరీక్ష సంగతి.

గాలితో పనిచేసే ఏ కూలరూ చిప్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. నీళ్లతో నడిచేదైనా అంతే, ఆ నీటిని చల్లబరిచేదీ గదిలోని గాలే కదా. అందుకే తెలిసినవాళ్లు చిప్ 70 డిగ్రీలుంది, 80 డిగ్రీలుంది అని వదిలేయరు. గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో రాస్తారు. యూరప్‌లోనో అమెరికాలోనో 22 డిగ్రీల గదిలో పెట్టిన పరీక్షలో చిప్ 70 చూపిస్తే తేడా 48. అదే కూలర్, అదే పని, 38 డిగ్రీలున్న స్టూడియో గదిలో అయితే 86. నిజానికి ఇంకో డిగ్రీ రెండు డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే వేడెక్కిన సిలికాన్ అదే పనికి కాస్త ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. విదేశీ పరీక్షల్లో ‘బాగానే పనిచేసింది’ అనిపించుకున్న చిన్న కూలర్ మే నెల మధ్యాహ్నం ఇక్కడ చేతులెత్తేయడానికి కారణం ఆ 16 డిగ్రీలు.

పోలిక ఎలా పెట్టాలన్నది ఘంటసాలకు కొత్త పాఠం కాదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం ఒకటి ఊళ్లోనే ఉంది. మినుములో జీబీజీ 1 రకం అక్కడి నుంచి వచ్చిందే. కొత్త రకాన్ని పరీక్షించేటప్పుడు దాన్నొక్కదాన్నే వేసి దిగుబడి చూడరు. రైతులకు అలవాటైన పాత రకాన్ని ‘చెక్’గా పక్కనే వేస్తారు. నేల అదే, విత్తిన రోజు అదే, మందులూ అవే. ఒక్క మడితో సరిపెట్టకుండా మూడు నాలుగు మడుల్లో వేసి సరాసరి తీస్తారు. కూలర్ పరీక్షా అచ్చం ఇంతే. ప్రాసెసర్‌తో వచ్చిన కంపెనీ కూలరే ‘చెక్’. గది, పని, కరెంటు, ఫ్యాన్ వేగం ఏవీ మారకూడదు, కూలర్ ఒక్కటే మారాలి.

పని మారకుండా చూడటానికి సినీబెంచ్, ప్రైమ్95 లాంటి ప్రోగ్రాములు నడుపుతారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ప్రాసెసర్ లోపలి ఉష్ణోగ్రతనూ వాట్లనూ క్షణక్షణం రాసిపెడుతుంది. మొదలుపెట్టిన రెండు నిమిషాలకే అంకె రాసుకుంటే మోసపోతాం. లోహం అంతా వేడెక్కి అంకె కదలకుండా నిలబడటానికి గాలి కూలర్‌కైతే పది పదిహేను నిమిషాలు, నీళ్ల కూలర్‌కైతే అరగంట దాకా పడుతుంది. నీరు వేడెక్కడానికి తీరిగ్గా సమయం తీసుకుంటుంది కాబట్టి మొదటి పది నిమిషాల్లో నీళ్ల కూలర్లు ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తాయి.

కొన్ని కొత్త ప్రాసెసర్ల దగ్గర అంకెలు చూసే తీరే మార్చుకోవాలి. ఏఎండీ రైజెన్ 7000 వరసలోని పెద్ద చిప్‌లు పూర్తి పని మీద 95 డిగ్రీల దాకా తామే వెళ్లి అక్కడ నిలబడేలా తయారయ్యాయి. మంచి కూలర్ పెట్టినా 95, నాసిది పెట్టినా 95. తేడా వేగంలో తెలుస్తుంది. అలాంటప్పుడు డిగ్రీలు పక్కన పెట్టి, ఆ 95 దగ్గర చిప్ ఎన్ని వాట్లు తీసుకుంటోందో, ఎంత వేగం అందుకుంటోందో చూడాలి.

ఫ్యాన్ హోరుతో ఇంకో చిక్కు. ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు వస్తుంది. మోటారు లాగే కరెంటు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడు 15 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. చౌక కూలర్ ఫ్యాన్‌ను గరిష్ఠ వేగంలో తిప్పి ఖరీదైన దాంతో సమానమని చూపించడం ఎవరైనా చేయొచ్చు. కాబట్టి నిక్కచ్చిగా పరీక్షించేవాళ్లు రెండిటి చప్పుడునూ ఒకే డెసిబెల్స్‌కు తెచ్చి, అప్పుడు డిగ్రీలు పోలుస్తారు. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డి15కు ఇప్పటికీ పేరుండటం ఇందువల్లే. ఫ్యాన్లతో కలిపి కిలోన్నరకు కాస్త తక్కువ బరువుండే ఆ కూలర్ మెల్లగా తిరుగుతూనే వేడి లాగేస్తుంది.

చిప్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్ట్ పరీక్షల్లో ఎక్కువ గొడవ పెట్టేది. నున్నగా కనిపించే రెండు లోహాలు కలిసిన చోట కంటికి కనపడని సందులుంటాయి, వాటిలో గాలి చేరుతుంది. రాగితో పోలిస్తే గాలి వేడిని దాటనివ్వడం పదివేలవ వంతు కంటే తక్కువ. పేస్ట్ ఆ సందులను పూడుస్తుంది. సమంగా పరుచుకోకపోయినా, నాలుగు స్క్రూలు ఒకేలా బిగించకపోయినా మూడు నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. రెండు కూలర్ల మధ్య అసలు తేడాయే అంత ఉండొచ్చు. కాబట్టి ఒకే కూలర్‌ను తీసి, తుడిచి, మళ్లీ పేస్ట్ రాసి బిగించి కొలిచి, సరాసరి తీసుకోవాలి. బిగింపు ఎంత పని చేస్తుందో 2022 మొదట్లో ప్రపంచానికి తెలిసొచ్చింది. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు సాకెట్ క్లిప్పు ఒత్తిడికి మధ్యలో కాస్త వంగుతున్నాయని బయటపడింది. జర్మనీకి చెందిన ఇగోర్స్ ల్యాబ్ వాళ్లు ఆ క్లిప్పు కింద నాలుగు చిన్న వాషర్లు వేసి చూస్తే ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల పైన తగ్గింది. కూలర్ అదే, పేస్ట్ అదే.

కృష్ణా తీరానికొచ్చేసరికి ఉక్కపోతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో విజయవాడ 43 డిగ్రీల పొడి వేడిలో ఉడుకుతున్న రోజున బందరులో సముద్రపు గాలి తిరిగి 36 డిగ్రీలే ఉండొచ్చు. గాలిలో తేమ వల్ల మనిషికి మాత్రం బందరులోనూ ప్రాణం విసుగెత్తుతుంది, చెమట ఆరదు కాబట్టి. ప్రాసెసర్‌కు చెమట పట్టదు. దానికి గాలి ఎంత వేడిగా ఉందన్నదే ముఖ్యం, తేమతో దాదాపు పనిలేదు. ఆ రోజున విజయవాడ గదిలో కంటే బందరు గదిలో కంప్యూటర్ ఏడు డిగ్రీల సుఖంగా ఉంటుంది.

గదిలో నీళ్ల ఎయిర్ కూలర్ పెట్టుకుంటే లెక్క తారుమారవుతుంది. 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిని నీరు ఆవిరి చేసి 25 డిగ్రీల దగ్గరి దాకా దించవచ్చు. 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గాలిని 30 కంటే కిందికి దించడం ప్రకృతి నియమం ప్రకారమే కుదరదు. పైగా ఆ తడి గాలి నేరుగా క్యాబినెట్‌లోకి వెళుతుంది. దివిసీమ వైపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి కనెక్టర్లు, స్క్రూలు తొందరగా తుప్పు పడతాయి.

చిప్‌ను గది కంటే చల్లగా ఉంచాలన్న ప్రయత్నమూ జరిగింది. కరెంటు పెడితే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే పెల్టియర్ పలకతో 2020 చివర్లో ఇంటెల్ ‘క్రయో కూలింగ్’ తెచ్చింది. మరీ చల్లబడితే గాలిలోని తేమ నీటి బొట్లై సర్క్యూట్ మీద పడుతుంది. అందుకని తేమను చూసుకుంటూ పలక ఉష్ణోగ్రతను అదుపు చేసే ఏర్పాటు అందులో పెట్టారు. పైన చెప్పిన 36 డిగ్రీల బందరు గాలిలో దాదాపు 28 డిగ్రీల దగ్గరే తేమ నీటి బొట్లు కడుతుంది. అంతకంటే కిందికి దిగకూడదంటే ఆ పలకకు చేయడానికి మిగిలే పని స్వల్పం. ఇంటెల్ 2023లో దాన్ని ఆపేసింది.

వేడిని చిప్ లోపలే పట్టుకోవాలన్నది ఇప్పటి పరిశోధన. ఆ రంగంలో పెద్ద పేరు సురేశ్ గరిమెళ్లది. మద్రాస్ ఐఐటీలో చదివి అమెరికా వెళ్లిన ఆయన పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చల్లబరిచే పరిశోధన కేంద్రాన్ని నడిపారు. వెంట్రుకంత సన్నటి కాలువల్లో ద్రవాన్ని పారించి వేడిని మూలంలోనే తోడేయడం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2024లో అరిజోనా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యారు. ఆ కాలువలు పెళ్లి వీడియోల సిస్టమ్ దాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది.

అప్పటిదాకా స్టూడియో యజమాని తన గదిలోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. క్యాబినెట్ గాలి పీల్చే వైపు మామూలు థర్మామీటర్ పెట్టాలి. పాత కూలర్‌తోనే, ఎప్పుడూ చేసే పెళ్లి వీడియో ముక్కను అరగంట రెండరింగ్‌కు పెట్టి, చిప్ డిగ్రీలు, గది డిగ్రీలు, వాట్లు, పని పూర్తయిన సమయం రాసుకోవాలి. తర్వాత కొత్త కూలర్ కొనక ముందే పాతదాన్ని ఊడదీసి, రేకుల మధ్య పేరుకున్న దుమ్ము దులిపి, ఎండిపోయిన పేస్ట్ తుడిచి కొత్తది రాసి, మళ్లీ అదే ముక్క నడపాలి. వరి నూర్పిళ్లప్పుడు, మిల్లుల పక్కన ఊక దుమ్ము ఎంత పడుతుందో ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత క్యాబినెట్‌ను టేబుల్ అరలోంచి బయటికి తీసి మూడోసారి. ఒక్కో మార్పుకు ఒక్కో కొలత.

ఈ మూడింటి తర్వాత కూడా చిప్ 100కు తగిలి వేగం తగ్గిస్తోందంటే కొత్త కూలర్‌కు పెట్టే డబ్బు రెండరింగ్ సమయంలో తిరిగి వస్తుంది. 85 దగ్గర ఆగిందంటే కొత్త కూలర్ వల్ల పని ముందుకంటే తొందరగా కాదు, గదిలో హోరు మాత్రం తగ్గుతుంది. కొనేముందు టేపు పట్టుకుని క్యాబినెట్ లోపలి వెడల్పు కొలుచుకోవాలి. ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు, నాక్టువా డి15 ఎత్తు 165. ఆఫీసుల్లో వాడే సన్న క్యాబినెట్లలో ఈ రెండూ పట్టవు, పక్క తలుపు మూతపడదు. అలా తెరిచి ఉంచి వాడితే ఊక, ఉప్పుగాలి, చీమలు, బల్లులు అన్నీ నేరుగా మదర్‌బోర్డు మీదికే వస్తాయి.