నర్సు రాసిచ్చే మార్ఫీన్

ఉగాండాలో తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫీన్ దగ్గుమందులా సీసాలో దొరుకుతుంది. తయారీ తేలికే: మార్ఫీన్ పొడి, శుద్ధిచేసిన నీళ్లు, పాడవకుండా కలిపే నిల్వమందు, కాస్త రంగు. ఆకుపచ్చ ద్రావణంలో 5 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, గులాబీ ద్రావణంలో 50. చదువురాని ఇంట్లో పదిరెట్ల పొరపాటు జరగకూడదనే ఆ రంగులు.

దీన్ని ఉగాండాకు తెచ్చిన డాక్టర్ యాన్ మెరిమన్ లివర్‌పూల్‌లో పుట్టారు. 1980లలో సింగపూర్‌లో పనిచేస్తూ, ఫార్మసిస్టులతో కలిసి ఈ చవకైన పద్ధతి రూపొందించారు. 1993లో కంపాలాలో హాస్పిస్ ఆఫ్రికా ఉగాండా పెట్టేనాటికి చేతిలో ఉన్న డబ్బు మూడు నెలలకు మించి రాదు. అవి ఎయిడ్స్ విజృంభించిన రోజులు. క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఆసుపత్రి గడప తొక్కే స్తోమతే లేదు. జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ అలా వాళ్ల ఇళ్లకే వెళ్లింది.

వెన్నుపాములో, మెదడులో నాడీకణాల మీద ఉండే ఓపియాయిడ్ గ్రాహకాలను మార్ఫీన్ పట్టుకుని, నొప్పి కబురు పైకి పోకుండా ఆపుతుంది. నోటితో తాగితే దాని ప్రభావం నాలుగు గంటలే. అందుకే నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళ చూసి ఇవ్వాలి. అర్ధరాత్రి లేవనక్కర్లేకుండా పడుకునేముందు రెట్టింపు మోతాదు ఇస్తారు. అలవాటు పడిపోతారేమోనన్న భయం రోగి కంటే డాక్టర్లకే ఎక్కువ! నొప్పిని బట్టి కొలిచి ఇచ్చినప్పుడు అది వ్యసనమవడం అరుదు. నిజంగా వేధించేది మలబద్ధకం. విరేచనాల మందు దొరకని పల్లెల్లో ఎండబెట్టిన బొప్పాయి గింజలు నమలమంటారు. వాసన కొట్టే పుండు మీద మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర నూరి చల్లుతారు.

ఇంతాచేసి, మందు రాసేదెవరు? డాక్టర్లే తక్కువ, ఉన్నవాళ్లు పట్నాల్లో. 2004లో ఉగాండా చట్టం మార్చింది. పాలియేటివ్ కేర్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, డాక్టర్లు కాకపోయినా వైద్యం చేసే క్లినికల్ ఆఫీసర్లు మార్ఫీన్ రాయవచ్చంది. నన్నడిగితే ఆ సీసా కన్నా ఈ సంతకమే పెద్ద ఆవిష్కరణ.

2017లో వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన కమిషన్ వేసిన లెక్క ప్రకారం ప్రపంచానికి ఏటా అందుతున్న మార్ఫీన్ తరహా ఓపియాయిడ్ మందులు, మార్ఫీన్‌గా లెక్కగడితే, దాదాపు 299 టన్నులు. అందులో నిరుపేద దేశాలకు చేరేది 0.1 టన్ను. పేదరికమే కారణమని సరిపెట్టుకుందామంటే మన దేశం కుదరనివ్వదు. మార్ఫీన్‌కు ముడిసరుకైన నల్లమందును ప్రభుత్వ లైసెన్సుతో పండించి ఎగుమతి చేసే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఆసుపత్రులు మార్ఫీన్ జోలికి పోవడానికే జంకాయి. ఒక్కో శాఖకు ఒక్కో లైసెన్సు, లెక్క తప్పితే జైలు. కోళికోడ్‌లో పాలియేటివ్ కేర్‌కు పునాది వేసిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్లు ఏళ్లతరబడి పోరాడాక 2014లో ఆ చట్టాన్ని సవరించారు. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ అనుమతి ఒక్కటి చాలు. నర్సు మార్ఫీన్ రాయడానికి మాత్రం ఇక్కడ ఇంకా వీల్లేదు.