అంగడికెక్కిన తోలు, అరుగెక్కని మాదిగ

పల్నాటి పట్నాల చరిత్ర చెప్పేవాళ్లు షావుకారు కొట్టు నుంచి మొదలుపెడతారు. కొట్లోకి వచ్చిన సరుకు ఎవరి చేతుల్లో తయారైందో చెప్పరు. తోలు సంగతే చూద్దాం.

చచ్చిన గొడ్డును మోసింది మాదిగలు. తోలు తీసి, సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్కతో లందలో ఊనింది మాదిగలు. చెప్పులు, కపిల బాన, డప్పు అన్నీ ఆ లందలోంచి వచ్చినవే. బావి నీళ్లు చేనుకు పారాలన్నా మాదిగ కుట్టిన బాన కావాల్సిందే. ఇంత పనికీ దక్కింది కళ్లంలో కొలిచిన మేర గింజలు. అది ధర కాదు, రైతు దయ.

తెల్లదొరల కాలంలో ఊనిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఎగుమతయ్యాయి. ఊరి పనిముట్టు బజారు సరుకైంది. 1903లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి ప్రయోగాలు మొదలుపెట్టాడు. రోజుల తరబడి లందలో సాగే పనిని రసాయనాలు తొందరగా తేల్చేశాయి. 1930లో గుంటూరు నుంచి మాచర్లకు రైలొచ్చింది. దూరపు సరుకు పల్నాటి బజారుకు దగ్గరైంది.

మరి మాదిగ వర్తకుడెందుకు కాలేదు? పెట్టుబడి లేదు, భూమి లేదు. అంటరానితనం అతన్ని అంగడి అరుగు ఎక్కనివ్వలేదు. చచ్చిన గొడ్డు మైల. దాని తోలు తెచ్చిన రూపాయి మాత్రం మైల కాదు! పని కులానిది, లాభం పెట్టుబడిది.

1941లో వినుకొండ బిడ్డ జాషువా చెప్పులు కుట్టే అరుంధతీ సుతుణ్ని ‘గబ్బిలం’లో నాయకుడిగా నిలబెట్టాడు. కావ్యంలోకి వచ్చిన ఆ మనిషి చరిత్రలోకీ రావాలి. పట్నం చరిత్ర రాసేవాళ్లు కొట్టు పద్దుతో పాటు లంద లెక్కా తియ్యాలి.