రన్‌వే పక్కన ఇల్లు ఎంత భద్రం?

పరిచయం

బిలాస్‌పూర్ అనగానే ఎవరికైనా రైలు గుర్తొస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాల కోసం తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. మీరు అటువంటి ఇంటి బిడ్డ కావచ్చు. లేదా ఉద్యోగం చేసుకుంటూ, మధ్యలో ఆగిన చదువును ఇప్పుడు కొనసాగిస్తున్నవారు కావచ్చు. రైల్వే క్వార్టరు మాత్రం నౌకరీ ఉన్నంత కాలమే. ఆ తరువాత సొంత గూడు చూసుకోవాలి. గ్రాట్యుటీ డబ్బుతో స్థలం వెతికేవారికి ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "ఎయిర్‌పోర్టు పక్కనే అండీ!"

ఈ మాట స్థలం ధర పెంచుతుంది. అక్కడ నివసించడం ఎంత భద్రమో మాత్రం చెప్పదు. ఆ సంగతి మనమే తెలుసుకోవాలి. ఈ పాఠం చదివాక, ఊరి పటం మీద రన్‌వేను చూసి, దాని చుట్టూ ఏ స్థలానికి ముప్పు ఎక్కువో ఏ స్థలానికి తక్కువో మీరే గుర్తించగలగాలి. ఇందుకు విమానాల గురించి ముందుగా ఏమీ తెలిసి ఉండనక్కరలేదు. రైలు గురించి తెలిస్తే చాలు.

ముంగిట్లో విమానం

ప్రపంచంలో కొన్నిచోట్ల ప్రైవేటు రన్‌వే చుట్టూనే ఇళ్ళు కట్టుకున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నో నగరంలో 1946లో సియెరా స్కై పార్క్ అనే కాలనీ ఇలా మొదలైంది. ఫ్లోరిడాలోని స్ప్రూస్ క్రీక్‌లో వెయ్యికి పైగా ఇళ్ళున్నాయి. కారు షెడ్డు పక్కనే విమానం షెడ్డు ఉంటుంది. ఇంటాయన విమానాన్ని వీధిలోకి తీసి, ఆ వీధి మీదుగానే నడుపుకుంటూ రన్‌వే చేరతాడు. కాలిఫోర్నియాలోనే కామెరాన్ పార్క్ అనే మరో కాలనీలో వీధులు 100 అడుగుల వెడల్పు ఉంటాయి. రెక్కలు తగలకుండా వీధి గుర్తులను పొట్టిగా పెట్టారు.

మన దేశంలో ఎక్కువగా కనిపించేది వేరే రకం. కర్మాగారం, దాని టౌన్‌షిప్, దగ్గర్లో కంపెనీ ఎయిర్‌స్ట్రిప్. బిలాస్‌పూర్‌కు పొరుగునే కోర్బాలో బాల్కో వారి స్ట్రిప్, రాయగఢ్‌లో జిందాల్ వారిది, భిలాయి దగ్గర నందినిలో ఉక్కు కర్మాగారానిది ఉన్నాయి. తెలుగువారు చాలామంది పనిచేసే బళ్ళారి ప్రాంతంలోని తోరణగల్లులో జిందాల్ విద్యానగర్ టౌన్‌షిప్ దగ్గర కూడా ఒకటి ఉంది. పుట్టపర్తి విమానాశ్రయం 1990లో ప్రారంభమైంది. అది శ్రీ సత్యసాయి ట్రస్టుది.

ఈ రెండు రకాలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. స్ప్రూస్ క్రీక్‌లో ఇల్లు కొనేవారిలో చాలామంది విమానం నడపడం తెలిసినవారు. ముప్పు ఏమిటో తెలిసే అక్కడికి వెళతారు. మన దగ్గర విమానంలో తిరిగేది ఒకరు, దాని దారి కింద కాపురం ఉండేది మరొకరు. ఆ రెండోవారి కోసమే ఈ పాఠం.

కనిపించని పట్టాలు

మీరు రైలు పట్టాల మధ్య ఇల్లు కట్టుకుంటారా? ఎవరూ కట్టుకోరు. పట్టాలు కళ్ళకు కనిపిస్తాయి కనుక ఆ ప్రశ్నే రాదు. విమానానికీ పట్టాలున్నాయి. రన్‌వే మధ్య గీతను రెండు చివరల నుంచీ అదే సూటిలో ముందుకు పొడిగించండి. దిగే విమానం ఆ గీత మీదుగానే వస్తుంది. ఎగిరే విమానం ముందు కొంతదూరం ఆ గీత మీదుగానే పోతుంది. ఈ పట్టాలు కనిపించవు కాబట్టే జనం వాటి కింద ప్లాట్లు కొంటారు.

విమాన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు జరుగుతాయి. అప్పుడు విమానం ఎత్తు తక్కువగా, వేగం తక్కువగా ఉంటుంది. పొరపాటును సరిదిద్దుకోవడానికి సమయం ఉండదు. అందువల్ల రన్‌వే చుట్టూ ముప్పు గుండ్రంగా పరుచుకోదు. రెండు చివరల నుంచి పొడవాటి నాలుకలా సాగుతుంది. పక్కకు జరిగేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. "ఎయిర్‌పోర్టుకు ఎన్ని కిలోమీటర్లు?" అని మాత్రమే అడిగేవారు సగం ప్రశ్నే అడుగుతున్నారు. రన్‌వేకు పక్కగా ఒక కిలోమీటరు దూరంలోని ఇల్లు, రన్‌వే చివరకు సూటిగా రెండు కిలోమీటర్ల దూరంలోని ఇంటికన్నా సాధారణంగా భద్రమైనది.

చిన్న విమానాల విషయంలో ఈ గీతకు మరో అర్థం కూడా ఉంది. ఒకే ఇంజను ఉన్న సెస్నా 172 రకం విమానాన్ని తీసుకోండి. నిండు బరువుతో అది 1100 కిలోలకు కాస్త ఎక్కువ. ఇంజను ఆగితే ఒక మీటరు కిందికి దిగేలోపు దాదాపు 9 మీటర్లు ముందుకు జారగలదు. నేల నుంచి 100 మీటర్ల ఎత్తులో ఇంజను ఆగిందనుకుందాం. పైలట్ చేతిలో ఉన్నది 900 మీటర్ల దారి. వెనక్కి తిరిగి రన్‌వే చేరాలని చూస్తే, ఆ మలుపులోనే ఎత్తూ వేగమూ పోయి విమానం కూలుతుంది. అంత తక్కువ ఎత్తులో ఉంటే వెనక్కి తిరగకుండా ఎదురుగా దొరికిన ఖాళీలో దింపమని శిక్షణలో నేర్పుతారు. ఆ ఖాళీలో పొలం ఉంటే పైలట్ బతకవచ్చు, కింద ఎవరికీ ఏమీ కాదు. ఆ పొలాన్నే ప్లాట్లుగా కోసి అమ్మితే ఇద్దరికీ దారి మూసుకుపోతుంది.

రైల్వేలో ఓవర్‌లాప్ అనే మాట మీ ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. డ్రైవరు సిగ్నల్ దాటి కొద్దిగా ముందుకు పోయినా ప్రమాదం జరగకుండా, సిగ్నల్ అవతల కొంత లైను ఖాళీగా ఉంచుతారు. బహుళ సూచన సిగ్నళ్ళున్న చోట సిగ్నల్ ఓవర్‌లాప్ 120 మీటర్లు. ఇంకొన్ని చోట్ల బండిని ఆపడానికి ఇసుక దిబ్బ వేస్తారు. రన్‌వే చివర ఉండే భద్రతా స్థలం కూడా ఇటువంటిదే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం అది కనీసం 90 మీటర్లు. పెద్ద రన్‌వేలకు 240 మీటర్లు ఉండాలని సిఫారసు. ఆ స్థలం ఖాళీగా పడి ఉందని, వృథా అవుతోందని ఎవరైనా అంటే, ఓవర్‌లాప్ ఎందుకని ఏ స్టేషన్ మాస్టరునైనా అడిగి చూడమనండి.

ఒక చిన్న లెక్క

దిగే విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. అంటే ఒక కిలోమీటరు ముందుకు వచ్చేలోగా సుమారు 52 మీటర్లు కిందికి దిగుతుంది. నేలను తాకే చోటుకు ఇంకా 2 కిలోమీటర్లు ఉందనగా దాని ఎత్తు 105 మీటర్ల వరకే. ఆ దారికింద భవనాలు ఎంత ఎత్తు ఉండవచ్చో చెప్పడానికి ఒక ఊహా తలాన్ని గీస్తారు. పరికరాల సాయంతో పెద్ద విమానాలు దిగే రన్‌వేలకు అది రన్‌వే చివర నుంచి 60 మీటర్ల అవతల మొదలై, 50 మీటర్లకు 1 మీటరు చొప్పున పైకి లేస్తుంది. చిన్న రన్‌వేలకు కొలతలు వేరు, పద్ధతి ఒకటే.

ఇప్పుడు మీరు చేయండి: తలం మొదలైన చోటు నుంచి 1500 మీటర్ల దూరంలో మీ స్థలం ఉంది. అక్కడి నేల రన్‌వే చివరకన్నా 5 మీటర్లు ఎత్తు. ఎంత ఎత్తు వరకు కట్టవచ్చు?

1500ను 50తో భాగిస్తే 30. అందులోంచి నేల ఎత్తు 5 తీసేస్తే మిగిలేది 25 మీటర్లు. ఈ 25 మీటర్లలో మేడ మీది నీళ్ళ ట్యాంకు, లిఫ్టు గది, పిడుగు కడ్డీ, టీవీ కర్ర అన్నీ కలిసి ఉండాలి. చాలామంది శ్లాబు వరకే కొలిచి మోసపోతారు. అధికారులిచ్చే అనుమతి పత్రంలో ఎత్తును సముద్ర మట్టం నుంచి రాస్తారని కూడా గుర్తుంచుకోండి. పత్రంలో 300 మీటర్లని ఉండి, మీ నేల సముద్ర మట్టానికి 275 మీటర్ల ఎత్తులో ఉంటే, మీరు కట్టగలిగేది 25 మీటర్లే.

నేల మీది వారు

ఇప్పుడు జరిగిన సంఘటనలు కొన్ని చూద్దాం. 2000 జూలై 17న పాట్నాలో దిగబోతున్న అలయన్స్ ఎయిర్ విమానం గర్దనీబాగ్ ప్రభుత్వ క్వార్టర్ల మీద కూలింది. విమానంలోని 55 మందితో పాటు ఇళ్ళలోని 5 గురు చనిపోయారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎగిరిన అర నిమిషం ప్రాంతంలోనే వైద్య కళాశాల వసతి గృహం మీద పడింది. విమానంలో 241 మంది, నేల మీద 19 మంది మరణించారు. ఆ భవనం రన్‌వే చివర నుంచి రెండు కిలోమీటర్ల లోపే ఉంది. మధ్యాహ్నం విద్యార్థులు భోజనం చేస్తున్న వేళ అది.

మన హైదరాబాదు సంగతి కొంత వేరు. బేగంపేట విమానాశ్రయం 1930ల్లో ఏర్పడినప్పుడు ఊరు దాని చుట్టూ లేదు. ఊరే పెరిగి దాన్ని చుట్టుముట్టింది. మామూలు ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కు వెళ్ళిపోయాయి. అయినా 2010 మార్చి 3న విమాన ప్రదర్శనలో విన్యాసాలు చేస్తున్న నౌకాదళ విమానం బోయినపల్లిలో ఒక ఇంటి మీద కూలింది. ఇద్దరు పైలట్లు చనిపోయారు, కింద కొందరు గాయపడ్డారు.

గీతకు దూరంగా కూడా విమానాలు కూలిన సందర్భాలున్నాయి. 2011 మే 25న రోగిని తీసుకువస్తున్న చిన్న విమానం ఫరీదాబాద్‌లోని ఒక కాలనీలో కూలి 10 మంది మరణించారు. వారిలో ముగ్గురు నేల మీది వారే. అటువంటిది ఎక్కడ జరుగుతుందో ముందుగా చెప్పలేం, దానికి భయపడి ఊరు విడవనూ లేం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రన్‌వే పక్కన కాపురం ఉండేవారికి కూడా ఇంటి ముందున్న రోడ్డే పెద్ద ముప్పు. కానీ రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకోవడం రోజూ మన చేతిలో ఉంటుంది. స్థలం ఎక్కడ కొనాలన్నది ఒక్కసారే మన చేతిలో ఉంటుంది.

పెద్ద రన్‌వే, చిన్న స్ట్రిప్

చిన్న స్ట్రిప్‌కు విమానాలు తక్కువగా వస్తాయి, కాబట్టి భయం లేదనుకుంటాం. నిజానికి అదే అక్కడి చిక్కు. వారానికి ఒక విమానం వచ్చే చోట మిగిలిన ఆరు రోజులూ రన్‌వే మైదానమైపోతుంది. కంచె విరిగిన చోట పశువులు లోపలికి వస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు, అడ్డదారిన సైకిళ్ళు పోతాయి. ఏడో రోజున గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం ఒక కిలోమీటరును 18 సెకన్లలో దాటుతుంది. ఇక తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి ఆనదు. విమాన కాలనీల్లో పిల్లలకు మొదట నేర్పే పాఠం ఇదే: ఇంజను తిరుగుతున్నంతసేపూ ముందువైపు అడుగు పెట్టకూడదు.

మరొక ముప్పుకు చప్పుడుండదు. పిస్టన్ ఇంజను ఉన్న చిన్న విమానాల పెట్రోలులో సీసం కలుపుతారు. కాలిఫోర్నియాలోని రీడ్ హిల్‌వ్యూ విమానాశ్రయానికి దగ్గరగా ఉండే పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2021లో ఒక అధ్యయనం తేల్చింది. 2022 జనవరి నుంచి అక్కడ సీసం పెట్రోలు అమ్మకం ఆపేశారు. ఏటీఆర్, బోయింగ్ వంటి విమానాలు వాడే ఇంధనం కిరోసిన్ జాతికి చెందినది, అందులో సీసం కలపరు. కాబట్టి మీ ఊరి రన్‌వే మీద ఏ రకం విమానాలు తిరుగుతాయో కనుక్కోవాలి. పైలట్ శిక్షణ కేంద్రం ఉన్న చోట ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

మన చేతుల్లో ఉన్నది

విమానం వల్ల మనకే కాదు, మన వల్ల విమానానికీ ముప్పు ఉంది. 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం, విమానాశ్రయం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో పశువులను వధించడాన్ని, పక్షులను ఆకర్షించే చెత్తను పారవేయడాన్ని నిషేధించింది. కోళ్ళ దుకాణం వాడు పారేసే వ్యర్థం గద్దను పిలుస్తుంది. గద్ద ఇంజనులోకి వెళుతుంది. ఆ ఇంజను మన ఇంటి మీదుగా వెళ్ళే విమానానిదే. గాలిపటాలు, పెళ్ళిళ్ళలో ఆకాశంలోకి వేసే లేజర్ కాంతులు, డ్రోన్లు కూడా ఈ కోవలోవే.

కొనే ముందు

బిలాస్‌పూర్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, రాయపూర్ వెళ్ళే లైను మీద చకర్‌భాఠా స్టేషన్ మీకు తెలిసిందే. అక్కడి రన్‌వే రెండో ప్రపంచ యుద్ధం నాటిది. పొడవు సుమారు 1500 మీటర్లు. దాన్ని బాగుచేసి, బిలాసా దేవి కేవట్ పేరు పెట్టి, 2021 మార్చి 1న ప్రయాణికుల విమానాలు మొదలుపెట్టారు. ఒకప్పుడు ఖాళీగా పడి ఉన్న రన్‌వే ఇలా మళ్ళీ పనిలోకి రావచ్చు, పొడవూ పెరగవచ్చు. ఇవాళ విమానం చప్పుడు లేదని స్థలం కొంటే రేపు ఉండవచ్చు.

స్థలం అమ్మేవారిని మూడు అడగండి. రన్‌వే మధ్య గీతకు ఈ స్థలం ఎంత దూరం? విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నుంచి ఎత్తు అనుమతి పత్రం ఉందా, ఉంటే అందులో సముద్ర మట్టం నుంచి ఎంత రాశారు? పురపాలక సంఘం దగ్గరున్న రంగుల మండల పటంలో ఈ స్థలం ఏ రంగులో ఉంది? ఎత్తుల నియమాలు 2015లో వచ్చాయి. వాటిని మీరి కట్టిన భాగాన్ని కూల్చమని ఉత్తర్వు వచ్చే వీలుంది. అప్పుడు నష్టపోయేది ప్లాట్లు అమ్మి వెళ్ళినవాడు కాదు. "అందరూ కడుతున్నారు కదా" అన్న జవాబు మాత్రం ఏ కార్యాలయంలోనూ చెల్లదు.

చేసి చూడండి

బిలాస్‌పూర్ పటం తీసుకుని చకర్‌భాఠా రన్‌వే మీద స్కేలు పెట్టి, రెండు వైపులా 3 కిలోమీటర్ల వరకు గీతను పొడిగించండి. గీతకు అటూ ఇటూ అర కిలోమీటరు లోపల ఉన్న బడులు, ఆసుపత్రులు, వసతి గృహాలు, కొత్త లేఅవుట్లు గుర్తించి పట్టిక రాయండి. వీలైతే ఒక ఆదివారం వెళ్ళి, ఖాళీ పొలాలని పటంలో ఉన్నచోట ఇప్పుడు ఏముందో చూసి పట్టికను సరిచేయండి. మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరువాతి తరగతికి దాన్ని తీసుకురండి.