మామగారి కారు: ఇంట జేసికొన్న మరమ్మతు

రథపు టిరుసునకు శీల యూడినప్పుడు కైక తన వ్రేలినే శీలగా నుంచి దశరథుని గాచెనను కథను మనము పిల్లలకు జెప్పుచుందుము. చెప్పియు, మన వాకిట నిలిచిన కారు మూత యెత్తి లోపల జూచుటకు మాత్రము జంకుదుము. నేనును మొన్నటివరకు నట్టిదాననే.

మా మామగారు 1986లో కొన్న అంబాసడరు కారు మా యింట గలదు. కలకత్తాకు సమీపముననున్న ఉత్తరపారాలో ఏబదియేండ్లకు పైగా తయారై, 2014లో నిలిచిపోయిన కారది. మామగారు గతించి రెండేండ్లయినది. అత్తగారు శుక్రవారమునాడు దానికి బొట్టు పెట్టనిదే కాఫీ త్రాగరు. స్వంత కారునకు మొదటి 15 ఏండ్ల గడువు తీరిన పిదప, ఐదేండ్ల కొకమారు తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. ఆ గడువు మాకు సమీపించుచుండగనే కారునకు జబ్బు పట్టుకొన్నది.

ఉదయము చల్లగా నున్నప్పుడు చక్కగా కదలును. పావుగంట గడచునప్పటికి దగ్గి, తడబడి, నిలిచిపోవును. అరగంట విశ్రాంతి నిచ్చినచో మరల లేచును. ఒక మరమ్మతుదారు వచ్చి, చెవియొగ్గి విని, పిస్టనుల రింగు లరిగినవనియు, ఇంజను దింపి విప్పవలసినదే యనియు జెప్పెను. ఆయన యడిగిన సొమ్ము మా వారి రెండు నెలల జీతము. ఉపాధ్యాయుని కొంప గదా! మా వారు తల వంచుకొని, "పాతయినుము క్రింద నమ్మివేయుదము" అనిరి. అత్తగారు మారుమాట యాడలేదు. ఆ పూట మాత్రము విస్తరి ముందు కూర్చుండలేదు.

మామగారి బీరువాలో ఆ కారు పుస్తక ముండెను. చిన్ననాడు మా నాయనగారియొద్ద కావ్యములు చదివినప్పుడు, తెలియని పదమును దాటి ముందునకు బోరాదని నేర్చితిని. ఈ పుస్తకమునుగూడ నట్లే చదివితిని. రాత్రి వంటిల్లు సర్దుకొన్న పిదప దినమునకు రెండు పుటలు. అర్థముగాని మాటకు పటము చూచి, ఉదయమున మూత యెత్తి ఆ భాగము నింజనులో గుర్తించుచుంటిని.

రింగులు బాగుగ నరిగినచో నూనె పైకెక్కి మండును. గొట్టమునుండి నీలిపొగ వచ్చును. కొలతకడ్డీపై నూనె మట్టము దినదినము తగ్గును. మేము పది దినములు కడ్డీ తుడిచి చూచితిమి. మట్టము కదలలేదు. నీలిపొగ జాడయు లేదు. నాకు మరమ్మతుదారు మాటపై సందేహము గలిగినది.

పెట్రోలు గాలి తగుపాళ్లలో గలియుట, ఆ మిశ్రమము గట్టిగా నదుముబడుట, సరియైన క్షణమున నిప్పురవ్వ పడుట, ఈ మూడు నున్నచో ఇంజను నడువవలెను. ఏది తప్పినదో చూడవలసినది ఇంజను నిలిచిపోయిన క్షణముననే గాని, చల్లారిన పిదప గాదు. ఆదివారమునాడు కారును ఆరుబయట నిలిపి నడిపించితిమి. మూసిన కొట్టములో నడుపరాదు. ఆ పొగయందలి విషవాయువునకు రంగును వాసనయు లేవు. ఇంజను నిలువగనే, పెట్రోలు చెమ్మ యెచ్చటను లేదని చూచుకొని, ఒక ప్లగ్గు తీగను విడదీసి వేరొక ప్లగ్గునకు దగిలించి, ఆ ప్లగ్గును ఇంజను ఇనుమున కానించి, రబ్బరు పిడుల పటకారుతో బట్టుకొంటిని. మా వారు తాళము త్రిప్పిరి. పసుపుపచ్చని నీరసపు రవ్వ రెండు మారులు మినుకుమని యాగిపోయినది. చల్లారిన పిదప చూడగా టిక్కుటిక్కుమని నీలపురవ్వ! జబ్బు రింగులలో లేదు, పెట్రోలులో లేదు, నిప్పులో నున్నది.

డిస్ట్రిబ్యూటరు మూత విప్పితిని. అందు పాయింట్లను రెండు చిన్న లోహపు మొనలు గలుసుకొనుచు విడిపోవుచు నుండును. అవి విడిపోవు క్షణమున కాయిలులో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి ప్లగ్గునకు బోవును. ఆ సమయమున మొనల నడుమ రవ్వ యెగిరి శక్తి వృథా కాకుండ గాచునది ప్రక్కనున్న కండెన్సరను బొటనవ్రేలంత డబ్బీ. అది లోపల చెడి, వేడెక్కినప్పుడు పని మానుచుండెను గాబోలు, మా పాయింట్లు మాడి, ఒక మొనపై గుంటయు, రెండవదానిపై మిట్టయు నేర్పడినవి. మా మరిది విజయవాడ ఆటోనగరునుండి రెండును దెచ్చెను. మూడు వందల రూపాయలైన గాలేదు.

ముందువైపు హ్యాండిలుతో ఇంజను మెల్లగా ద్రిప్పి, పాయింట్లు పూర్తిగా విడిన చోట, ఫీలరు గేజితో 0.4 మిల్లీమీటర్ల యెడముంచి బిగించితిని. ఇంతవరకు బాగుగనే యున్నది. నా తొందరపాటు విందురా! ప్లగ్గులనుగూడ తుడువబోయి నాలుగు తీగలు నొక్కమారే లాగివేసితిని. మరల దోచినట్లు దగిలించి తాళము త్రిప్పగా, ఢామ్మని పెద్ద చప్పుడు! ప్రక్కయింటివారు చెంబులతో నీళ్లు బట్టుకొని పరుగెత్తి వచ్చిరి. ఆ యింజనునకు నిప్పు పడవలసిన వరుస 1, 3, 4, 2. ఇప్పుడు తీగలకు వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు ముడుల పసుపుదారము గట్టియుంచితిని.

పాయింట్ల యెడము మారినప్పుడు నిప్పు పడు సమయమును గొంత మారును. దానిని దీపముతో సరిచూచు పరికరము మాయొద్ద లేదు గావున, ఆ యొక్క పనిని దుకాణమున జేయించితిమి. బ్రేకుల జోలికిని, జాకీపై నెత్తిన కారు క్రిందికిని నేను పోను.

మన కట్టుబొట్టునుబట్టి కొన్ని మాటలు జెప్పవలసియున్నది. గాజులు, ఉంగరములు ముందుగా దీసి లోపల నుంచుడు. బంగారు గాజు బ్యాటరీ రెండు కొనలకు నొక్కమారు దగిలినచో నెఱ్ఱగా గాలి చేతికి వాత పెట్టును. ఇంజను తిరుగునప్పుడు ముందున్న రెక్కలు పైటకొంగును క్షణములో లాగికొనును. కొంగు బిగించి దోపుకొని, జడ ముడి వేసికొనుడు. వేడి రేడియేటరు మూత నెంతమాత్రము విప్పకుడు. కుక్కరు మూతవలె నదియు నావిరితో బిగిసియుండును. ఇప్పటి పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు గలియుచున్నది. పాతకార్ల రబ్బరు గొట్టములు దానికి దట్టుకొనలేక మెత్తబడి పగులును. మా కారువి వ్రేలితో నొక్కిచూచి, సందేహము దోచినవాని నన్నిటిని మార్పించితిమి.

తనిఖీనాడు వరుసలో గంటన్నరసేపు ఇంజను నాపకయే యుంచితిమి. ఒక్కమారైన దగ్గలేదు. కాగితముపై ముద్ర పడినది. ఇంటికి రాగానే అత్తగారు మడిబట్ట మార్చుకొని వచ్చి, మామగారు కూర్చుండు ప్రక్కసీటులో గూర్చుండి, "గుడిదాక పోనీయవోయ్" అని మా వారితో ననిరి. గుడి మా వీధి చివరనే యున్నది. అయినను, తిన్నగా బోక చెరువుగట్టు మీదుగా చుట్టు దిరిగి వెళ్లితిమి.