త్రాగుడు మాన్పించు వైద్యము: ఫలితమెంత? ఖర్చెంత?

పంచాయతీ ఒక బోరుబావి వేయించినచో దాని ఫలితమును తెలిసికొనుట కష్టము గాదు. ఎన్ని అడుగులు వేసిరి, ఎంత సొమ్ము అయినది, ఎంత నీరు పడినది అని మూడు ప్రశ్నలు అడిగిన చాలును. నీరు పడనిచో ఆ సంగతి ఆనాడే ఊరంతకు తెలియును. త్రాగుడు మాన్పించు కార్యక్రమముల విషయమున ఇట్టి లెక్క చూచువారు అరుదు. శిబిరము జరుగును, ఉపన్యాసములు జరుగును. ఇందరు వచ్చిరి, ఇందరు ప్రమాణము చేసిరి అని కాగితముపై వ్రాసికొందురు. ఆ వచ్చినవారిలో సంవత్సరము తరువాత ఎందరు బాగుపడియున్నారు, ఒక్కొక్కరిని బాగుచేయుటకు ఎంత వ్యయమైనది అను రెండు ప్రశ్నలు మాత్రము మిగిలిపోవును. ఈ రెండు ప్రశ్నలను పంచాయతీ సభ్యులు ఎట్లు అడుగవలెనో, వచ్చిన జవాబును ఎట్లు తూచవలెనో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

చట్టము ఒకటి, చికిత్స వేరొకటి

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములకు మద్యనిషేధము క్రొత్త గాదు. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలం జిల్లాలో ఆరంభమైన నిషేధము 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. ఆనాడు ఈ మూడు ప్రాంతములును చిత్తూరు జిల్లాలోనివే. అటుపిమ్మట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమము ఫలితముగా 1993లో సారాయి నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చెను. 1997లో అది సడలింపబడెను. చట్టము దుకాణమును మూయగలదు. కాని ఇరువది సంవత్సరములుగా త్రాగుచున్నవాని శరీరమునకు పట్టిన వ్యసనము దుకాణమునకు తాళము వేసినంత మాత్రమున వదలదు. పైగా కుప్పము ఒకవైపు కర్ణాటకమునకు, మరియొకవైపు తమిళనాడునకు సరిహద్దు. ఇక్కడ దొరకనిది ప్రక్క రాష్ట్రమున దొరకును. కావున చట్టము ఎట్లున్నను చికిత్స యవసరము ఉండనే యుండును.

ఆ యవసరము ఎంతటిదో ఒక చిన్న లెక్క తెలుపును. బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు 2000 సంవత్సరమున ప్రకటించిన పరిశీలనలో, చికిత్సకై చేరిన 113 మంది వ్యసనపరుల సగటు నెలసరి సంపాదన 1,660 రూపాయలు. మద్యముపై వారు చేయుచుండిన సగటు ఖర్చు 1,938 రూపాయలు. అనగా సంపాదించినదంతయు పోయి, నెలకు 278 రూపాయలు అప్పు గాని, భార్యాబిడ్డల కష్టార్జితము గాని అందులో పడుచుండెను. ధరలు, కూలి నాటికంటె ఎంతో పెరిగినవి. ఇంటిలోని వరుస మాత్రము నేటికిని మన గ్రామములకు పరిచితమే.

ఇన్ని యిక్కట్లున్నను చికిత్స పొందువారు బహు తక్కువ. 2019లో భారత ప్రభుత్వము ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము, దేశమున మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందిరి.

అవుట్‌పేషెంటు చికిత్స యనగా నేమి?

రోగిని ఆసుపత్రిలో చేర్చుకొనక, ఇంటి వద్దనే యుంచి, నిర్ణయించిన దినములలో వచ్చి చూపించుకొని పోవునట్లు చేయు వైద్యమే అవుట్‌పేషెంటు చికిత్స. ఇందు మూడు భాగములు కలవు. మొదటిది, త్రాగుట మానిన తొలి వారమున కలుగు వణుకు, చెమట, నిద్రలేమి మొదలగు బాధలను మందులతో తగ్గించుట. రెండవది, మరల త్రాగవలెనను కోరికను అణచు మందులను వైద్యుడు అవసరమును బట్టి ఇచ్చుట. మూడవది, రోగితోను, వాని కుటుంబముతోను పలుమారులు మాటలాడి, ఏ వేళ, ఎవరి సాంగత్యమున, ఏ చింతవలన త్రాగుచున్నాడో గుర్తించి, ఆ సందర్భములను దాటు మార్గము నేర్పుట. మొదటి భాగము కొలది దినములలో ముగియును. మూడవ భాగము నెలల తరబడి సాగవలెను. ఫలితము నిలుచుటయు నిలువకపోవుటయు ఎక్కువగా దానిపై నాధారపడియుండును.

అందరికిని ఈ పద్ధతి తగదు. పూర్వము త్రాగుట మానినపుడు మూర్ఛలు వచ్చినవారిని, మతి చెదరి లేనిపోనివి కన్నవారిని, కాలేయము గాని గుండె గాని చెడినవారిని, ఆత్మహత్య తలంపు గలవారిని ఆసుపత్రిలో చేర్చియే చూడవలెను. బాగుగా అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానినచో తొలి రెండు దినములలో మూర్ఛలును, రెండు మొదలు నాలుగు దినముల నడుమ మతిభ్రమయు రావచ్చును. ఇది ప్రాణాపాయము. కావున త్రాగుబోతును గదిలో బంధించి మాన్పించు పద్ధతిని పంచాయతీ ఎన్నడును ప్రోత్సహింపరాదు.

మదనపల్లె చూచిన మార్పు

ఇంటి వద్దనుండి చేయించుకొను వైద్యము ఆసుపత్రి వైద్యమునకు సాటి వచ్చునా యను సందేహము సహజమే. ఈ సందేహము క్షయవ్యాధి విషయమున పూర్వమే కలిగినది. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున స్థాపింపబడిన క్షయ శానిటోరియము పేరు ఈ ప్రాంతమువారికి తెలియనిది గాదు. ఆ కాలమున క్షయరోగి నెలల తరబడి శానిటోరియమున నుండియే కోలుకొనవలెనని తలంచెడివారు. 1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధనలో కొందరు రోగులకు ఇంటి వద్దను, కొందరికి శానిటోరియములోను ఒకే మందులు సంవత్సరము పాటు ఇచ్చి చూచిరి. 1959లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఇంటి వద్దనున్నవారిలో నూటికి 86 మందికిని, శానిటోరియమున నున్నవారిలో నూటికి 92 మందికిని వ్యాధి అణగెను. ఇంత స్వల్ప భేదమునకై అంత ఖర్చు అందరికిని భరింపనక్కరలేదని తేలినది. అయితే ఇంటి వైద్యము ఫలించుటకు ఒక నిబంధన కలదు: మందు ఎడతెగకుండ సాగవలెను.

త్రాగుడు వ్యసనము విషయమునను ఇట్టి పోలిక జరిగినది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జరిగి 1989లో ప్రకటింపబడిన పరిశోధనలో, త్రాగుట మానినప్పటి బాధలు మితముగా గల 164 మంది పేద రోగులను రెండు భాగములు చేసి, 87 మందికి అవుట్‌పేషెంటుగాను, 77 మందికి ఆసుపత్రిలో నుంచియు తొలి దశ చికిత్స చేసిరి. ఆసుపత్రిలో నున్నవారిలో నూటికి 95 మంది చికిత్సను పూర్తి చేసిరి. బయటివారిలో 72 మందియే పూర్తి చేసిరి. కాని ఆరు మాసముల తరువాత చూడగా రెండు వర్గముల స్థితిలో భేదము కనబడలేదు. ఖర్చు మాత్రము బయటి రోగికి 175 మొదలు 388 డాలర్లు కాగా, ఆసుపత్రి రోగికి 3,319 మొదలు 3,665 డాలర్ల వరకు అయ్యెను. ఇందు రెండు పాఠములు కలవు. అవుట్‌పేషెంటు పద్ధతి ఎంతో చౌక. కాని నడుమ విడిచిపోవువారు అందు ఎక్కువ. వారిని విడిచిపోనీయకుండుటలోనే పంచాయతీ సహాయము అక్కరకు వచ్చును.

గోవా రాష్ట్రపు అనుభవము

మన దేశమునందే గోవాలో సంగత్ అను సంస్థవారు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఒక పద్ధతిని పరీక్షించి 2017లో ఫలితములను ప్రకటించిరి. హానికరముగా త్రాగుచున్న 377 మంది పురుషులు ఇందు పాల్గొనిరి. సలహా చెప్పినవారు వైద్యులు గారు. శిక్షణ పొందిన సామాన్యులు. ఒక్కొక్క రోగితో మాటలాడినది అత్యధికముగా నాలుగు పర్యాయములు మాత్రమే. మూడు మాసముల తరువాత హానికర స్థితినుండి బయటపడినవారు, సలహా పొందినవారిలో నూటికి 36 మంది, పొందనివారిలో 26 మంది. పండ్రెండు మాసముల తరువాత ఆ లెక్క 54 మంది, 32 మంది.

ఈ లెక్కను సభ్యులు శ్రద్ధతో చదువవలెను. ప్రత్యేక సలహా లేకయే నూటికి 32 మంది బాగుపడిరి. కావున సలహా వలన కలిగిన మేలు 54 గాదు, 22. ఏ కార్యక్రమమైనను బాగుపడినవారినందరిని తన ఖాతాలోనే వ్రాసికొనుట న్యాయము గాదు. మరియు, మూడు మాసములనాటికి పనికి పోలేని దినములలో గాని, భార్యపై చేయిచేసికొనుటలో గాని స్పష్టమైన భేదము కనబడలేదు. గ్లాసు తగ్గినంత మాత్రమున ఇల్లు చక్కబడినదని అనుకొనరాదు. దానిని వేరుగా విచారింపవలెను. ఈ పరిశోధనలో పాల్గొన్నవారు తీవ్రముగా బానిసలైనవారు గారనియు గుర్తుంచుకొనవలెను.

ఫలితమును కొలుచు విధము

మొదటి సూత్రము: చేరినవారినందరిని లెక్కలో నుంచవలెను. నలుబదిమంది చేరి, ఇరువదిమంది నడుమ మానివేసి, మిగిలిన ఇరువదిలో పండ్రెండుగురు బాగుపడినచో ఫలితము నూటికి 60 అని చెప్పుదురు. సరియైన లెక్క నలుబదికి పండ్రెండు, అనగా నూటికి 30.

రెండవ సూత్రము: కాలము. చికిత్స ముగిసిన దినమున కాక మూడవ మాసమునను, ఆరవ మాసమునను, సంవత్సరాంతమునను చూడవలెను.

మూడవ సూత్రము: రోగి మాట ఒక్కటే చాలదు. ఇల్లాలిని ఆశా కార్యకర్త ఒంటరిగా విచారింపవలెను. గత మాసమున ఎన్ని దినములు పనికి పోయెను? ఇంటికి కూలి తెచ్చుచున్నాడా? అప్పు తగ్గినదా? ఇంటిలో కొట్లాట మానినదా? పిల్లలు బడికి పోవుచున్నారా?

నాలుగవ సూత్రము: ఒకమారు తప్పటడుగు వేసినవానిని పూర్తిగా చెడినవానిగా వ్రాయరాదు. జాతరలోనో, పెండ్లిలోనో త్రాగి, వారము తిరుగకముందే వైద్యుని యొద్దకు మరల వచ్చినవాడు చికిత్సలో నున్నవాడే.

ఖర్చును లెక్కించు విధము

ఈ క్రింది అంకెలు కేవలము ఉదాహరణకై అనుకొన్నవి. ఒక అవుట్‌పేషెంటు కార్యక్రమమున సలహాదారుని వేతనము, మందులు, ప్రయాణములు అన్నియు కలిపి సంవత్సరమునకు 2,40,000 రూపాయలు అయినవని, 40 మంది చేరిరని, పండ్రెండుగురు బాగుగా నున్నారని అనుకొందము. తలకు ఖర్చు 6,000; బాగుపడినవానికి ఖర్చు 20,000. వేరొక చోట పది దినముల శిబిరమునకు 1,80,000 రూపాయలు అయినవి. 60 మంది వచ్చిరి. సంవత్సరాంతమున ఆరుగురే బాగుగా నున్నారు. తలకు ఖర్చు 3,000 మాత్రమే. కాని బాగుపడినవానికి ఖర్చు 30,000. పైకి చౌకగా కనబడినదే నిజమునకు ఎక్కువ ఖర్చైనది.

ఇంతటితో లెక్క ముగియదు. ప్రభుత్వము పెట్టిన ఖర్చు కాగితముపై నుండును. కుటుంబము పెట్టిన ఖర్చు ఎవరును వ్రాయరు. రోగియు, భార్యయు కలసి పట్టణమునకు పోయినచో ఇద్దరి కూలి 800, బస్సునకు 200, మొత్తము 1,000 రూపాయలు పోయినవనుకొందము. సంవత్సరమునకు పండ్రెండు పర్యాయములైన 12,000. కార్యక్రమము తలకు పెట్టిన 6,000కు ఇది రెట్టింపు. చికిత్స ఉచితమైనను జనులు నడుమ మానివేయుటకు కారణము ఇక్కడ కలదు. టమాటా కోతల దినములలో మదనపల్లె ప్రాంతమున గాని, పట్టుపురుగులు గూడు కట్టు దినములలో కుప్పము ప్రాంతమున గాని ఒక పూట పని విడిచి పోవుట రైతుకూలీకి సులభము గాదు. కావున అదే సలహా సమీపపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున, సాయంకాలమున గాని సంత నాడు గాని లభించినచో కుటుంబపు ఖర్చు తగ్గును, హాజరు పెరుగును, దానితోపాటు ఫలితమును పెరుగును.

లాభమును కూడ వ్రాయవలెను. దినమునకు 150 రూపాయలు త్రాగువాడు సంవత్సరమున 54,750 రూపాయలు త్రాగును. పై ఉదాహరణలోని పండ్రెండుగురు పూర్తిగా మానినచో 6,57,000 రూపాయలు ఆ ఇండ్లలోనే మిగులును. కొందరు తమంతటనే మానియుందురని కొంత తగ్గించి చూచినను, పెట్టిన 2,40,000 వ్యర్థము గాదని తెలియును.

పంచాయతీ చేయదగిన పనులు

కార్యక్రమము నడుపువారిని మూడు మాసములకొకమారు లెక్క అడుగుడు: చేరినవారెందరు, ఇంకను వచ్చుచున్నవారెందరు, బాగుగా నున్నవారెందరు, ఖర్చెంత. అంకెలు చాలును, పేర్లు అడుగవలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్య వ్యసనమునకును వర్తించును; రోగి వివరములు రహస్యముగా నుంచవలెనని ఆ చట్టము విధించుచున్నది. గ్రామసభలో పేరు చదివినచో రెండవవాడు చికిత్సకు రాడు.

గడువు నాటికి రానివారిని ఆశా కార్యకర్త గాని, ఏ.ఎన్.ఎం. గాని ఇంటికి పోయి మృదువుగా జ్ఞాపకము చేయునట్లు ఏర్పాటు చేయుడు. కొట్టుట, జరిమానా వేయుట, గుండు గీయించుట వైద్యము గాదు.

అన్నములో తెలియకుండ కలుపు పొడులను అమ్మువారిని ఊరిలోనికి రానీయకుడు. డైసల్ఫిరామ్ అను మందు కడుపులో నుండగా మద్యము త్రాగినచో గుండెదడ, వాంతులు కలిగి ప్రాణము మీదికి వచ్చును. ఆ మందును రోగికి చెప్పి, వాని సమ్మతితో, వైద్యుడే ఇయ్యవలెను.

తీవ్రమైన రోగులకు కుప్పములోని పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రియు, రైలుమార్గమున చేరదగిన బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థయు కలవు. సలహా కోరువారు 14446 అను జాతీయ వ్యసన విముక్తి టెలిఫోను నంబరునకు గాని, 14416 అను టెలిమానస్ నంబరునకు గాని ఉచితముగా మాటలాడవచ్చును.

ప్రజల సొమ్ము ఖర్చగు ప్రతి పనికిని లెక్క అడుగుట సభ్యుల హక్కు, విధి. త్రాగుడు వైద్యమునకు అడుగవలసిన లెక్క ఎందరు వచ్చిరని గాదు. సంవత్సరము తిరిగిన పిమ్మట ఎన్ని యిండ్లలో సాయంకాలము కూలిడబ్బు భద్రముగా ఇల్లు చేరుచున్నదని. ఆ సంఖ్యను తెలిసికొని, ప్రతి సంవత్సరము దానిని కొంచెమైనను పెంచుటకు పాటుపడిన పంచాయతీ తన గ్రామమునకు గొప్ప సేవ చేసినదగును.