మీకు తెలుసా? అవసరం పడ్డ రోజే చెల్లని జీపీఏ

◆ నాన్నకు డెబ్బై ఐదు దాటగానే చాలా ఇళ్లలో ఒక పని జరుగుతుంది. పెద్దకొడుకు పేరిట జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించి, బీరువాలో పట్టుచీరల కింద దాచేస్తారు. రేపు ఆయనకు పక్షవాతమో మతిమరుపో వస్తే బ్యాంకు పనులు, పొలం పనులు ఆగకూడదని ముందుచూపు. పక్షవాతం వరకు ఆ లెక్క సరైనదే. కాలూ చెయ్యీ పడిపోయినా తెలివి నిలిచి ఉన్నంతకాలం ఆ కాగితం పనిచేస్తుంది. తెలివి తప్పితే మాత్రం చెల్లదు. 1872 నాటి భారతీయ కాంట్రాక్టు చట్టంలో 201వ సెక్షన్ ఆ మాట తేల్చేసింది: అధికారం ఇచ్చినవారు చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెంటు అధికారం అంతటితో ముగుస్తుంది. పుచ్చుకున్నవారికి మతి తప్పినా అంతే. నాన్నగారు తిరుగుతూ ఉన్నన్నాళ్లూ ఆ కాగితంతో పనే పడదు. పని పడేసరికి దానికి ప్రాణం ఉండదు!

దీని వెనకున్న తర్కం పాతదే. ఏజెంటంటే యజమానికి మరో చెయ్యి. యజమాని తాను చేయలేని ఒప్పందాన్ని ఆ చెయ్యీ చేయలేదు.

◆ ఇలా అధికారం ముగియడానికి రద్దు దస్తావేజు ఎవరూ రాయక్కర్లేదు. కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు. మతి తప్పిన సంగతి తెలియక ఏజెంటు చేసిన చెల్లింపులకు 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం కొంత కాపు కాస్తుంది. కానీ ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ అన్నం కలిపి పెడుతూ, "మా నాన్నకు మతి తప్పినట్టు నాకు తెలియదు" అని ఏ కొడుకు చెప్పగలడు? ఇంకో మెలిక కూడా ఉంది. అధికారం పోయినా బాధ్యత పోదు. అప్పటిదాకా తన చేతికి అప్పగించిన ఆస్తి పాడవకుండా చూసే పని ఏజెంటుదేనని అదే కాంట్రాక్టు చట్టం 209వ సెక్షన్ అంటుంది.

◆ మతి తప్పితే అధికారం పోతుందన్న నియమానికి ఒక మినహాయింపుంది. చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే, యజమానికి మతి తప్పినా, ఆయన పోయినా ఆ అధికారం చెక్కుచెదరదు. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ ఇది: నా భూమి అమ్ముకుని నీ బాకీ జమ చేసుకో అని అప్పిచ్చినవాడికి రాసిచ్చిన అధికారం. అంటే అప్పులవాడి పవర్ నిలుస్తుంది, అన్నం పెట్టే కొడుకు పవర్ పోతుంది. హైదరాబాదు చుట్టుపక్కల జీపీఏ అనగానే అందరికీ ప్లాట్ల బేరాలే గుర్తొస్తాయి కదా. ఒట్టి జీపీఏతో స్థలం మీద హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది.

◆ ఇంగ్లండులోనూ ఒకప్పుడు ఇదే తంతు. 1985లో చట్టం చేసి, మతి తప్పినా చెల్లే ఎండ్యూరింగ్ పవర్‌ను తెచ్చారు. 2007 అక్టోబరు 1 నుంచి దాని స్థానంలో లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ వచ్చింది. అది రెండు వేర్వేరు కాగితాలు. ఒకటి డబ్బు, ఆస్తుల కోసం. రెండోది వైద్యం, సంరక్షణ కోసం. ఆస్తి కాగితాన్ని పెద్దాయన ఒప్పుకుంటే తెలివిలో ఉండగానే వాడొచ్చు. వైద్యం కాగితం మాత్రం ఆయన తానుగా నిర్ణయం తీసుకోలేని స్థితికి వచ్చాకే పనిచేస్తుంది. ఆయన అర్థం చేసుకునే సంతకం పెడుతున్నారని, ఎవరూ బలవంతపెట్టడం లేదని ధ్రువీకరించడానికి మూడో మనిషి ఉండాలి. ఆ మనిషి రెండేళ్లుగా ఆయన్ని బాగా ఎరిగినవారైనా కావాలి, డాక్టరో లాయరో లాంటి వృత్తి నిపుణులైనా కావాలి. పబ్లిక్ గార్డియన్ కార్యాలయంలో రిజిస్టరు కానిదే రెండు కాగితాల్లో ఏదీ చెల్లదు. ఆ మూడో మనిషి ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మన దగ్గర సంతకం పెట్టిస్తున్న కొడుకే సాక్షుల్నీ వెంటబెట్టుకొస్తాడు.

మతి తప్పినా చెల్లే పవర్‌ను అమెరికాలో డ్యూరబుల్ పవర్ అంటారు. కాగితంలో వేరే మాటేదీ రాయకపోతే అది డ్యూరబులేనని 2006లో తయారైన నమూనా చట్టం చెబుతుంది. చాలా రాష్ట్రాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి.

◆ డాలస్‌లో కూతురి దగ్గర ఉంటున్న అమ్మగారు అక్కడే డ్యూరబుల్ పవర్ రాసిచ్చారనుకోండి. అక్కడి బ్యాంకు ఖాతాకు అది పనికొస్తుంది. తెనాలి దగ్గర పొలం సంగతి వేరు. స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే దానికి వర్తిస్తుంది కాబట్టి 201వ సెక్షన్‌ను తప్పించుకోలేం. ఇక విదేశాల్లోని పిల్లలు ఇక్కడి వాళ్లకు పంపే పవర్‌ను నోటరీ ముందో, భారత కాన్సులేటులోనో రాసి ధ్రువీకరించాలి. అది దేశానికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. గడువు మర్చిపోయి నాలుక్కరుచుకునేవాళ్లు తక్కువేం కాదు.

◆ మరి మన దగ్గర మతి తప్పినవారి ఆస్తి ఎవరు చూడాలి? భార్య చూస్తుందిలే అనుకుంటాం. భర్త ఒక్కడి పేరిట ఉన్న ఆస్తిని కదిలించే హక్కు భార్యకు పెళ్లితో రాదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఇలాంటివారి ఆస్తికి మేనేజరును పెట్టే పద్ధతి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం వైద్యం గురించి ఎంతో చెప్పింది కానీ ఆస్తి ఊసెత్తలేదు. దాంతో కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కుతున్నాయి. కోమాలో ఉన్నవారికి సంరక్షకుల్ని ఎలా నియమించాలో 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ బోర్డు పరీక్షించాలి, తహసీల్దారు హోదాకు తగ్గని అధికారి ఇంటికొచ్చి చూడాలి, సంరక్షకులు ఆరు నెలలకోసారి లెక్కలు అప్పజెప్పాలి. కోమాలో ఉన్న భర్త ఆస్తి వ్యవహారాలు చూసుకోవడానికి 2024లో మద్రాసు హైకోర్టు ఒక భార్యను సంరక్షకురాలిగా నియమించింది. కోర్టు తేల్చేదాకా ఆసుపత్రి బిల్లు ఆగుతుందా?

◆ ట్రస్టు మాత్రం మతితో పాటు పోదు. తెలివిలో ఉండగానే ఆస్తిని ట్రస్టీల చేతికి అప్పగిస్తారు కాబట్టి, తర్వాత మతి తప్పినా వాళ్ల పని సాగుతుంది. స్థిరాస్తి అయితే రిజిస్ట్రేషన్ తప్పదు, స్టాంపు ఖర్చూ తప్పదు. వీలునామా, నామినీ రెండూ మనిషి పోయాకే పనికొస్తాయి. బతికుండి మతిలేని ఆ నడిమి కాలానికి అవి అక్కరకు రావు. బ్యాంకులో జాయింటు ఖాతా తెరిచేటప్పుడు 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉందా, 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని ఉందా చూసుకోండి. మొదటి దాంట్లో ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయొచ్చు. రెండో దాంట్లో మొదటి పేరున్నవారు ఉన్నంతకాలం రెండోవారు ఊరికే చూస్తూ కూర్చోవాలి.

◆ ఆస్తి సంగతితో పోలిస్తే వైద్యం విషయంలో మనం ఒక మెట్టు ముందున్నాం. కోలుకునే ఆశ లేని స్థితిలో ప్రాణాన్ని సాగదీసే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. అప్పుడు మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023లో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ సంతకం చేస్తే చాలన్నారు.

◆ మతి తప్పడమంటే ఒకేసారి దీపం ఆర్పేసినట్టు కాదు. చట్టానికీ ఆ సంగతి తెలుసు. మామూలుగా మతి నిలకడ లేనివారు కూడా తెలివి వచ్చిన ఘడియల్లో ఒప్పందం చేసుకోవచ్చు, వీలునామా రాయొచ్చు. మతిమరుపు జబ్బున్నవాళ్లలో చాలామందికి పొద్దువాలేకొద్దీ తికమక పెరుగుతుంది. మంచం దిగలేనివారి కోసం సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చే వీలుంది కాబట్టి, అలాంటి పని పొద్దున టిఫినయ్యాక పెట్టుకోవడం మేలు.

◆ చివరగా శరీరం మాత్రమే మొరాయించినవారి సంగతి. వేలిముద్ర కూడా వేయలేని ఖాతాదారు కాలి బొటనవేలి ముద్ర వేయొచ్చని రిజర్వు బ్యాంకు సూచనలు చెబుతున్నాయి. అదీ కుదరకపోతే, ఆ మనిషి ఒంటికి తాకించిన వస్తువుతో వేరొకరు గుర్తు పెట్టినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి కావాలి. డబ్బు ఎవరి చేతికివ్వాలో ఖాతాదారే చెప్పాలి.

మా పెదనాన్నకు రెండు చేతులూ పడిపోయినప్పుడు బ్యాంకు నుంచి ఒకాయన ఊదారంగు స్టాంపు ప్యాడు పట్టుకుని ఇంటికొచ్చాడు. కాలి బొటనవేలికి సిరా రాసి విత్‌డ్రాయల్ ఫారం మీద అద్దించాడు. "డబ్బు ఎవరికివ్వమంటారు పెద్దయ్యా?" అని అడిగాడు. పెదనాన్న జీపీఏ చేతిలో పట్టుకు నిలబడ్డ కొడుకు వైపు చూడలేదు. కొబ్బరినూనె గుడ్డతో తన వేలి సిరా తుడుస్తున్న కోడలి వైపు కళ్లు తిప్పాడు.