జలపాతం కింది మడుగు ఎందుకంత లోతు?

దసరా సెలవుల్లో ఆదిలాబాద్ జిల్లాలోని కుంటాల జలపాతం చూడడానికి వెళ్తున్నారా? అడవిలో మెట్లు దిగుతుంటే నీరు కనిపించకముందే హోరు వినిపిస్తుంది. కడెం నది అక్కడ సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి, బండల మీదుగా అంచెలంచెలుగా కిందికి దూకుతుంది.

జలపాతం కింద ఉన్న మడుగును గమనించండి. దాన్ని తవ్విందెవరు? ఆ నీరే. ఒక్క అంచె ఎత్తు 20 మీటర్లు ఉందనుకుందాం. గాలి నిరోధాన్ని లెక్కించకపోతే, సూటిగా పడే నీరు కిందికి చేరేసరికి సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకు 70 కిలోమీటర్ల పైమాటే! అయినా ఒట్టి నీటికి బండ అంత సులభంగా లొంగదు. వరదలో కొట్టుకొచ్చిన రాళ్ళు సుడిలో చిక్కి, గిరగిర తిరుగుతూ అడుగు బండను తొలుస్తాయి. వేల ఏళ్ళకు రోళ్ళలాంటి గుంటలు పడతాయి. ఒడ్డున, పొడిగా ఉన్న బండల మీద కూడా ఇలాంటి చిన్న గుంటలు కనిపించవచ్చు. అడుగున నున్నటి గులకరాళ్ళు ఉన్నాయేమో చూడండి.

మరి ఈత వచ్చినవారు కూడా ఇలాంటి మడుగుల్లో ఎందుకు మునిగిపోతారు? పడే నీరు గాలిని తనతో లాక్కుపోయి తెల్లని నురుగవుతుంది. బుడగలు నిండిన నీటికి సాంద్రత తక్కువ. కనుక మనిషిని పైకి తేల్చే బలమూ తక్కువే. పైగా సుడి కిందికి లాగుతుంది. కుంటాలలో నీళ్ళలోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఇంకో సంగతి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా నదికి ఎగువన వాన కురిసి ఉండవచ్చు. తేటనీరు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, ఫొటోల సంగతి మరచి వెంటనే ఎత్తైన గట్టు ఎక్కండి.